రంగం మేస్త్రి మనుషులు

"పదిమంది చాలు. గోనె దించడం బాగా తెలిసినవాళ్ళయి ఉండాలి. శనివారం పొద్దున్నే బార్జీ కదులుతుంది," అన్నాడు అబ్దుల్ రహీం, పది గేటు పాసులను బల్ల మీదుగా ముందుకు జరుపుతూ.

షార్జా రేవులో ఓడల సరుకు దించే ఒక కంపెనీకి అతడు ముదీరు, అంటే మేనేజరు. హైదరాబాదు వాడు, మాట మెత్తన, పట్టు గట్టిది. ఎదురుగా నిలబడ్డ వీరవెంకటసత్యనారాయణ అదే కంపెనీలో కూలీల ఫోర్‌మన్. కాకినాడ మనిషి, యాభై దాటినవాడు. అంత పొడుగు పేరు ఎవరి నోటా ఇమడక రేవులో అందరికీ సత్యంగారయ్యాడు.

"బార్జీ ఎక్కడికి?"

"పైకి. కువైట్ దాటాక."

అది 1984 వేసవి. ఇరాన్, ఇరాక్‌ల యుద్ధం నాలుగో ఏట నేల చాలక నీటి మీదికి వచ్చింది. ఎవరి సరుకు మోస్తున్నదీ చూడకుండా ఓడలను విమానాలు కొడుతున్నాయి. అలా దెబ్బతిన్న బియ్యపు ఓడ ఒకటి పై సముద్రంలో ఇసుక మేట మీదికి ఒరిగి, మునగకా కదలకా పడి ఉంది. కాలకుండా మిగిలిన బియ్యాన్ని బార్జీలోకి దించి తేవాలి.

"మళ్ళీ కొడితే?" అన్నాడు సత్యం.

"కొట్టిన ఓడను ఎవడూ తిరిగి కొట్టడని ఇన్సూరెన్సు వాళ్ళ నమ్మకం."

"ఆ నమ్మకానికి ఆధారం?"

"వాళ్ళు నమ్మారు కదా, అదే ఆధారం." ముదీరు నవ్వాడు. "ఊరికే పంపడం లేదు సత్యంగారూ. వెళ్ళొచ్చినవాళ్ళకి కాంట్రాక్టు గడువుతో పని లేకుండా రెండు నెలల సెలవు, ఇంటికి టికెట్టు. కావాలంటే చాటింపు వెయ్యండి, మీ గది తలుపు విరగ్గొడతారు."

చాటింపు అక్కర్లేకపోయింది. సత్యం ఆఫీసు మెట్లు దిగేసరికే నీడపట్టున హన్మంతు నిలబడి ఉన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. బియ్యం మూటను వీపు మీదికి తీసుకుంటే అది అక్కడే పుట్టినట్టుండేది.

"సార్, పడవ పోతుందంట గదా. మా గ్యాంగును రాయి. నేను, పోశయ్య, మావోళ్లు ఇంకో ఎనిమిది మంది. అందరం తయ్యార్."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆఫీసుల చాయ్ ఇచ్చెటోడు. సార్, నా బిడ్డ పుట్టినంక నేను మొకం సూడలే. నా పెండ్లాం చంద్రవ్వ ఫోటువ పంపింది. ఫోటువల పోరి పండుకున్నది, కండ్లు మూసుకున్నది. కండ్లు ఎవ్వరి తీర్గున్నయో గూడ తెల్వది నాకు."

"చూద్దాంలే, వెళ్ళు."

"సూసుడు గాదు సార్, జెప్పు!"

వాడి వెనక పోశయ్య నిలబడి నవ్వుతున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, వేగిరపడే హన్మంతుకు కళ్ళెం లాంటివాడు. "వదిలెయ్ రా. సార్ జెప్తడు. మనకు గాకుంటె ఎవ్వలకిస్తడు?"

సత్యం ఆ రాత్రికే నిర్ణయించుకున్నాడు. హన్మంతు గ్యాంగుకు బియ్యం గోనెల మీద ఉన్న చెయ్యి మరొకరికి లేదు. పైగా వాళ్ళే అడుగుతున్నారు. పని తెలిసినవాడు కోరి వస్తుండగా కాదనడానికి కారణం కనిపించలేదు. ఆలోచన సూటిగా, చిక్కులేకుండా ఉన్నట్టే తోచింది. దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మని సత్యం సూటి ఆలోచనను మాత్రం బాగా నమ్మేవాడు. పాసులు జేబులో పెట్టుకుని, శుక్రవారం సాయంత్రం క్యాంపుకు వెళ్ళి ఇవ్వవచ్చుననుకున్నాడు.

*

శుక్రవారం ఉదయం అతడు ఊళ్ళోని రోలా పేటకు వెళ్ళాడు. పాత సంత వెనక ఇరుకు వీధిలో ఫకీర్ సాహెబ్ కుట్టుకొట్టు ఉంది. సెలవునాడు కూలీలు తెచ్చిపడేసిన ప్యాంట్లు, మోకాళ్ళ దగ్గర చిరిగినవి, అక్కడ గుట్టగా ఉంటాయి. సాహెబ్ నెల్లూరు మనిషి, అరవైకి దగ్గర పడినవాడు. రెండేళ్ళుగా సత్యం బట్టలు ఆయనే కుడుతున్నాడు. క్రిందటి వారం మాటల్లో ఆయన నోటి నుంచి "మా రంగంలో" అన్న మాట జారింది. ఆ మాట కోసమే సత్యం ఈ వారం చిరగని ప్యాంటు ఒకటి పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

రంగం అంటే రంగూను. కాకినాడ, విశాఖపట్నం తీరాన రెండు మూడు తరాలు ఆ పేరుతోనే బతికాయి. బర్మా వరిని తెల్లవాళ్ళు లోకానికి అమ్ముకోవడానికి ఆ నది ఒడ్డున మిల్లులు, ఓడలు ఆగే ధక్కాలు కట్టారు. వాటి బరువంతా తెలుగువాళ్ళ వీపుల మీద పడింది. ఒక్కొక్క గదిలో ఇరవై ముప్పై మంది, పగటి పనివాళ్ళు లేచిన చాపల మీద రాత్రి పనివాళ్ళు పడుకునేవారు. 1930లో కూలి పెంచమని వీళ్ళు పని మానేస్తే, దొరలు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చారు. రాజీ కుదరగానే బర్మావాళ్ళను వెళ్ళగొట్టారు. ఆ వీధుల్లో తెలుగువాడు, బర్మావాడు ఒకరినొకరు నరుక్కున్నప్పుడు దొరల ఓడలకు మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. సత్యం పుట్టింది ఆ సంవత్సరంలోనే, ఆ ఊళ్ళోనే. తండ్రి నూకరాజు రేవులో కూలీల మేస్త్రి. యుద్ధం రాబోతుందని ఎవరో చెవిన వేస్తే 1941 నడిమిలో భార్యనూ కొడుకునూ ఓడెక్కించి కాకినాడ పంపి, తాను మాత్రం అక్కడే ఉండిపోయాడు.

ఆ డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. కూలీలు ఊరు విడిచి పారిపోతుంటే, ఓడలు ఎవరు దించుతారని దొరలు దారిలో ఆపి వెనక్కి తెచ్చారు. మార్చిలో దొరలే రేవును తగలబెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు జపానువాళ్ళు వచ్చారు. తరవాత మూడేళ్ళకు పైగా నూకరాజు బతికి ఉన్నాడో లేడో ఇంటివాళ్ళకు తెలియదు. యుద్ధం ముగిశాక ఆయన తిరిగివచ్చాడు. ఆయన వెంట ఆయన ఊరివాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు నలభై మందికి పైగా ప్రాణాలతో వచ్చారు. జపానువాళ్ళు సయాం అడవుల్లో రైలు దారి వెయ్యడానికి కూలీలను పట్టుకుపోతుంటే రంగం మేస్త్రి తన మనుషుల్లో ఒక్కణ్ణీ పోనివ్వలేదని తీరమంతా చెప్పుకున్నారు. 1961లో ఆయన పోయినప్పుడు శవం వెనక మూడు ఊళ్ళ జనం నడిచారు. ఏ మహిమనూ ఒప్పుకోని సత్యం ఆ ఒక్క కథను మాత్రం ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు.

"రంగంలో మీరేం చేసేవారు సాహెబుగారూ?"

"గోనెలు కుట్టేవాణ్ణి. కొక్కేలు తగిలి చినిగిన గోనెలు. పదాలుగేండ్లప్పుడు మా యన్న తీసకపొయ్యాడు." మిషను ఆడుతూనే ఉంది. "ఇప్పుడు చూడండి, గోనెల బదులు ప్యాంట్లు. అప్పుడు బియ్యం కారిపోయేవి, ఇప్పుడు మోకాళ్ళు కారిపోతుండాయి."

"జపానువాళ్ళున్నప్పుడు కూడా అక్కడే ఉన్నారా?"

"యాడికి పోతాం? కాలినడకన పోయినోళ్ళు కొండల్లో చచ్చిరి."

"అయితే మా నాన్నగారు మీకు తెలిసే ఉండాలి," అన్నాడు సత్యం. గొంతులోకి తెలియకుండానే ఒక ధీమా వచ్చింది. "మేస్త్రి నూకరాజు. కాకినాడ వారు."

మిషను ఆగింది. ఫకీర్ సాహెబ్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, కళ్ళద్దాలు పైకి తోసి, రెండేళ్ళుగా కొలతలు తీసుకున్న మనిషిని కొత్తగా చూశాడు.

"ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. తాడులో పడి తెగినాయి," అన్నాడు.

"ఆయనే."

"ఊఁ." కత్తెర తీసి పక్కన పెట్టాడు. "ప్యాంటు మళ్ళా వారం తీసుకుందురులే."

"సాహెబుగారూ, ఏమైంది?"

"ఏముండాది నాయనా. పెద్దాయన పొయ్యాడు కదా, పోనీండి."

"లేదు, చెప్పండి. మంచయినా చెడయినా విన్నాకే నా మనసు నిలుస్తుంది."

సాహెబ్ వీధిలోకి చూస్తూ చెప్పాడు. రంగం రేవులో పొద్దున్నే మేస్త్రి ఒక పెట్టె మీద నిలబడి ఇత్తడి బిళ్ళలు పంచేవాడు. బిళ్ళ దొరికినవాడికి ఆ రోజు పని, ఆ రోజు తిండి. దొరకనివాడికి రెండూ లేవు. అందుకని బిళ్ళ కోసం తోసుకోవడం, మోచేతులతో పొడుచుకోవడం, ముందువాడి భుజాలెక్కడం కూలీలకు ఏళ్ళ తరబడి పడిన అలవాటు. దొరలు పోయినా, జపానువాళ్ళు వచ్చినా, మేస్త్రి, ఆ పెట్టె మాత్రం అలాగే ఉండిపోయాయి.

"ఒకనాడు బిళ్ళలు చానా ఎక్కువ తెచ్చినారు. ఓడలే రావడం లేదు, ఇన్ని బిళ్ళలెందుకని ఎవురూ అడగలా. అడిగేంత ఓపిక యాడిది? ఎగబడినారు. మా యన్న ముందున్నోణ్ణి చొక్కా పట్టి లాగి పడేసి బిళ్ళ తీసుకున్నాడు. నాకేసి తిరిగి చూపించినాడు కూడా, గెల్చినట్టు. ఆ బిళ్ళ ఉన్నోళ్ళందర్నీ లారీలెక్కించినారు. సయాం రైలుకి."

"మా నాన్నగారికి ముందే తెలుసా?"

"ఆనాడు తెలవదేమో. తెలవదనే అనుకుంటా. ఆయన మొగం కూడా పాలిపోయినాది."

"మరి?"

"ఆ తర్వాత ఇంకా నాలుగు సార్లు పంచినాడు. ఆ నాలుగు సార్లూ ఆయన ఊరోళ్ళు పెట్టె దగ్గర లేరు. ఒకడికి జ్వరం, ఒకడికి కాలు బెణికింది, ఒకణ్ణి యేదో పనిమీద పంపినాడు. మిగిలినోళ్ళం నెల్లూరోళ్ళు, ఒరియావోళ్ళు, పైన శ్రీకాకుళమోళ్ళు. మాకెవురు చెప్తారు?"

సత్యం అలవాటు ప్రకారం సాక్ష్యాన్ని తడిమి చూడబోయాడు. "ఇది మీరు చూశారా, విన్నారా?"

"గోనెలు కుట్టే అరుగు మీద కూర్చుంటే పెట్టె ఎదురుగానే ఉండేది. చూసినా."

"చెప్పి ఉంటే జపానువాళ్ళు ఆయన్ని చంపేసేవారు కదా?"

"చంపేవోళ్ళే. నేను కాదంటినా?" సాహెబ్ గొంతు లేవలేదు. "మీ నాయన తన మనుషుల్ని కాపాడినాడు. అది అబద్ధం కాదు. మా యన్న ఆయన మనిషి కాదు, అంతే."

ఆయన ప్యాంటు మడత విప్పి వెలుగులో పట్టుకుని చూశాడు. "ఇది చినగలా నాయనా. తీసకపోండి."

*

రోలా నుంచి రేవుకు సత్యం నడిచే వెళ్ళాడు. ఎండ నెత్తిన ఉంది. ఆ దారి పొడుగునా అతడికి తండ్రి మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే సులువయ్యేది. దాని బదులు వేరే లెక్క ఒకటి మనసులో తిరిగింది. నీడలో కూర్చుని గోనెల లెక్కకు గీతలు పెట్టే పని ఎవరిది? కాకినాడ సూర్యారావుది. స్టోరు తాళాలు ఎవరి దగ్గర? పిఠాపురం వాడి దగ్గర. ఓడ కొట్టులో, ఊపిరాడని అడుగున ఎవరు? హన్మంతు, పోశయ్య, వాళ్ళ గ్యాంగు. ఏనాడూ పూనుకుని చేసింది కాదు. చెయ్యి తనంతట తానే అటు పోయింది. బార్జీకి పదిమంది అనగానే తన ఊరివాళ్ళ పేర్లు పరిశీలనకైనా రాలేదు. సూటి ఆలోచన అనుకున్నదానికి ఒక వంపు ఉంది, ఆ వంపు ఇంటి నుంచి తెచ్చుకున్నది.

సాయంత్రం క్యాంపుకు వెళ్ళేసరికి హన్మంతు మంచం మీద బట్టలు సర్దుతున్నాడు.

"దా సార్, దా. పాసులు తెచ్చినవా?"

"ఆ బార్జీ ఎక్కొద్దు."

"ఏందీ?"

సత్యం చెప్పాడు. యుద్ధం సంగతి, ఇసుక మేట మీద ఒరిగిన ఓడ సంగతి, ఇన్సూరెన్సు వాళ్ళ నమ్మకానికి ఆధారం లేకపోవడం సంగతి. హన్మంతు మొదట నోరు తెరుచుకుని విన్నాడు. తరవాత నోరు మూసుకున్నాడు. చివరికి నవ్వాడు, ఆ నవ్వు బాగాలేదు.

"గట్లనా సార్. మొన్న సూద్దాం అన్నవు. ఇయ్యాల బాంబులు పడ్తయంటున్నవు. సూర్యారావుకు, గాయినె బామ్మర్దికి లీవు గావాలెనా?"

"అది కాదురా."

"మరేంది? మూడేండ్ల సంది ఓడ అడుగుల మేమున్నం. గాడ గాలాడకుంటె సస్తరని ఎన్నడన్న జెప్పినవా? లీవు ఇస్తమనంగనే గిప్పుడు సావు యాదికొచ్చిందా?"

ఆ ఆరోపణ ఈ ఒక్కసారి అబద్ధం, మూడేళ్ళుగా నిజం.

పోశయ్య బీడీ ఆర్పాడు. "సార్, నాకు శాన దినాలకెల్లి ఒక్కటి సమజైతలేదు. గోదారి మా ఊరి పక్క పొంటి పారుకుంట మీ తానికి వస్తది. మాకంటె ముంగట మీరెట్ల గోదారోళ్లయిండ్రు?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. సత్యమూ నవ్వబోయి మానుకున్నాడు.

"నా మాట నమ్మొద్దు," అన్నాడు. "నమ్మమని అడగను. కళ్ళతో చూడండి. రండి నాతో."

రేవు బయట, లంగరు వేసిన ఓడలకు దూరంగా, పది రోజుల క్రితం పై సముద్రం నుంచి ఈడ్చుకొచ్చిన ఓడ ఒకటి ఉంది. రేవు లాంచీ నడిపేవాడు సత్యానికి తెలిసినవాడు. పొద్దు వాలుతుండగా సత్యాన్నీ, హన్మంతునూ, పోశయ్యనూ దానిచుట్టూ ఒకసారి తిప్పాడు. ముందు భాగం మామూలుగానే ఉంది, తెల్లరంగు కూడా చెక్కు చెదరలేదు. వెనక మనుషులుండే గదుల చోట ఇనుము నల్లబడి, మైనంలా కరిగి, జారి, గట్టిపడింది. దగ్గరికి పోతే కాలిన రంగు వాసన, దాని కింద మరేదో వాసన. హన్మంతు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఓడ చివర, మంట చేరని మూల, తాడు మీద బట్టలు ఆరవేసి ఉన్నాయి. నాలుగు చొక్కాలు, ఒక లుంగీ. గాలికి చేతులు ఊపుతున్నాయి.

"పది దినాలంటివి గదా సార్ ఇది వచ్చి," అన్నాడు హన్మంతు వాటికేసి చూస్తూ.

"అవును."

"అంగీలు ఎవ్వలు తీస్కపోలే."

ఒడ్డున దిగాక వాడు, "పాయె," అన్నాడు, సెలవు గురించో పిల్ల గురించో చెప్పకుండా. మెట్ల మీద కూలబడి అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. పోశయ్య వాడి వీపు మీద చెయ్యి వేసి, సత్యంతో, "మేం రాము సార్. ముదీరుకు జెప్పు," అన్నాడు.

సత్యం ఆ రాత్రే అబ్దుల్ రహీం ఇంటికి వెళ్ళి పాసులు తిరిగి ఇచ్చేశాడు. గొడవవుతుందని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాడు. గొడవ కాలేదు.

"మీ మనుషులు వద్దంటున్నారు, అంతేనా? బలవంతం లేదు సత్యంగారూ. పదిమందిని నేను చూసుకుంటా. ఖలాస్."

గదికి వచ్చి పడుకున్నాడు. ఎన్నడూ లేనంత గాఢంగా నిద్ర పట్టింది.

*

శనివారం తెల్లవారాక పని మీద ధక్కా వైపు వెళ్ళిన సత్యం బార్జీ ఎదుట ఆగిపోయాడు. పదిమందీ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. తలల్లో, కనుబొమల్లో తెల్లని రాతి దుమ్ము. రాస్ అల్ ఖైమా క్వారీ నుంచి రాత్రే లారీలో తెచ్చారట. బార్జీలో నీడ ఉన్న కాస్త చోటు కోసం ఒకణ్ణొకడు తోసుకుంటున్నారు. ఒకడు మూటతో చోటు పట్టి, రెండోవాణ్ణి మోచేత్తో నెట్టి, గెలిచినట్టు నవ్వాడు.

అబ్దుల్ రహీం పక్కనే ఉన్నాడు.

"వీళ్ళకి చెప్పారా?" అన్నాడు సత్యం.

"ఏమని?"

"ఎక్కడికో."

"సెలవు సంగతి చెప్పా. వాళ్ళు అడిగింది అదే." ముదీరు గొంతు తగ్గించాడు. "మీ వాళ్ళు వద్దన్నారు, వదిలేశా. మీ వాళ్ళు క్షేమంగా ఉన్నారు. ఇంకేం కావాలి మీకు? వీళ్ళు మీకేమవుతారు?"

మీ వాళ్ళు. ఆ మాట ముదీరు నోట ఎంతో సహజంగా, ఎంతో మర్యాదగా వచ్చింది. నిన్నటికి ఆ మాటలో కాకినాడ ఒక్కటే ఉంది. ఇవాళ అందులో జగిత్యాల కూడా చేరింది. దాని అంచు కొంత జరిగింది తప్ప చెరగలేదు. రాత్రి పట్టిన నిద్ర ఎటువంటిదో సత్యానికి అప్పుడు అర్థమైంది. అటువంటి నిద్రే ఒకప్పుడు రంగంలో మరొకరికి పట్టి ఉండాలి, నాలుగు సార్లు.

అతడు బార్జీ పలక మీద కాలు పెట్టాడు.

"సత్యంగారూ! కంపెనీ పని అది, గుర్తుంచుకోండి," అన్నాడు ముదీరు వెనక నుంచి.

సత్యం పలక దాటి లోపలికి వెళ్ళి హిందీలో చెప్పాడు. వక్తృత్వం ఏమీ లేదు. అక్కడ యుద్ధం జరుగుతోంది, ఓడలను కాలుస్తున్నారు, మీరు వెళ్ళేది కాలిన ఓడ మీదికి, మళ్ళీ కాల్చరని ఎవరూ చెప్పలేరు, తెలిసి వెళ్ళండి లేదా దిగండి. రెండోసారి తెలుగులో చెప్పాడు, ఎవరైనా ఉంటారేమోనని.

ఎవరూ కదల్లేదు. "ఈయన వేరేవాళ్ళని ఎక్కించుకోవాలని చూస్తున్నాడు," అని ఒకడు హిందీలో అన్నాడు. ఇద్దరు తలలూపారు. నీడలో చోటు గెలిచినవాడు మూటను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఇంజను మొదలైంది. బార్జీ నడిపే సరంగు తాళ్ళు విప్పమని కేకవేశాడు. వీళ్ళకు చూపించడానికి లాంచీ లేదు, సమయం లేదు, మూడేళ్ళ పరిచయం కూడా లేదు.

చివరి వరసలో ఉన్న ఒకడు లేచాడు. పాతికేళ్ళ లోపు, సన్నగా ఉన్నాడు. పక్కవాడు చొక్కా పట్టి లాగాడు, విడిపించుకున్నాడు. మూట భుజాన వేసుకుని సత్యం వెనకే పలక మీదుగా ధక్కా మీదికి దిగాడు. వెంటనే పలక లాగేశారు.

బార్జీ తొమ్మిది మందితో మెల్లగా తిరిగి, రేవు నోటి వైపు సాగింది. అబ్దుల్ రహీం దాన్ని చూడ్డం లేదు, సత్యాన్ని చూస్తున్నాడు. వెనక్కి తిరిగి ఆఫీసు వైపు నడిచాడు. ఆ నడకలో తొందర లేదు.

"నీ పేరు?" అన్నాడు సత్యం.

"సనావుల్లా సార్. కడప జిల్లా." వాడు బార్జీ వైపూ, ఆఫీసు వైపూ, చివరికి సత్యం వైపూ చూశాడు. "క్వారీ వాళ్ళు నన్ను మళ్ళా రానియ్యరు సార్. ఇప్పుడు నేను యాడికి పోవల్ల?"